రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, నలుగురు పెద్దవాళ్లు: విడాకుల దాకా వచ్చిన ఒక కేసు

బెంగళూరులో పద్నాలుగేళ్లుగా ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఉంది. మొదటి మూడు నెలలు నేను దీన్ని పూర్తిగా తప్పుగా చూశాను. ఇద్దరి స్వభావాల్లో ఏదో తేడా ఉందనుకుని అక్కడే తవ్వుతూ కూర్చున్నాను. అసలు చిక్కు వాళ్లకి ఊహ తెలియకముందే, రెండిళ్లలోనూ ఒక్క బిడ్డ చాలు అనుకున్న రోజునే మొదలైందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పేర్లు, ఊళ్లు, ఉద్యోగాల వివరాలు, ఇంకా కొన్ని సంగతులు మార్చాను. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. రాసింది ఇద్దరూ చదివారు. ఒక వాక్యం తీసేయమని అడిగారు, తీసేశాను.

వాళ్లెవరు

లతకి 33, రవికి 36. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పెళ్లయి ఆరేళ్లు, రెండున్నరేళ్ల పాప. మ్యాట్రిమోనీ సైట్లో పెద్దవాళ్లు చూసి కుదిర్చిన సంబంధం. కులం ఒకటే, అంతకుమించి ఈ పెళ్లికి ముందు రెండు కుటుంబాలకీ ఏ చుట్టరికమూ లేదు. ఆమెది కోస్తా, అతనిది రాయలసీమ. ఈ దూరం కూడా కేసులో భాగమే. రవి వాళ్ల ఊరి నుంచి బెంగళూరుకి బస్సులో ఐదు గంటలు, వాళ్ల అమ్మానాన్నలు శనివారం వచ్చి సోమవారం వెళ్లిపోగలరు. లత అమ్మానాన్నలు రావాలంటే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రంతా ప్రయాణం, అది కూడా రిజర్వేషన్ దొరికితేనే. అంత దూరం వచ్చినవాళ్లు రెండ్రోజుల్లో తిరిగి వెళ్లరు, నెలో రెండు నెలలో ఉంటారు. అందుకే ఎప్పుడు చూసినా "వాళ్ల పుట్టింటివాళ్లే ఉంటున్నారు" అనిపించేది.

రవి ఒక్కడే కొడుకు, లత ఒక్కతే కూతురు. రవి నాన్న ఎప్పుడో మూతపడ్డ ఒక చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే పెన్షన్ నెలకి రెండు వేలు కూడా లేదు. (ఆ పథకంలో కనీస పెన్షన్ 2014లో వెయ్యి రూపాయలు చేశారు, అంతకు కాస్త పైన ఉన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు.) లత నాన్నకి మూడెకరాలుండేది. రెండెకరాలు ఆమె ఇంజనీరింగుకీ పెళ్లికీ పోయాయి, మిగిలిన ఎకరం కౌలుకిచ్చారు. ఆయనకి షుగర్, పూటపూటా ఇన్సులిన్. అంటే నలుగురు పెద్దవాళ్లు, నలుగురికీ చెప్పుకోదగ్గ ఆదాయం లేదు, నలుగురి ఆధారమూ కె.ఆర్.పురం దగ్గర లోన్‌తో కొన్న ఒక రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్.

నాతో మొదట చెప్పిన సమస్య

ఫోన్ చేసింది రవి. "మేడమ్, మా ఆవిడకి అడ్జస్ట్‌మెంట్ లేదు. మీరు నాలుగు మాటలు చెబితే వింటుందేమో" అన్నాడు. అప్పటికి లత పాపని తీసుకుని ఆఫీసు దగ్గర ఒక చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని నాలుగు నెలలైంది. అమ్మానాన్నలు కూడా ఆమెతోనే ఉన్నారు. లాయర్‌ని కలిసింది. పరస్పర అంగీకారంతో విడాకులకి డ్రాఫ్ట్ కూడా తయారైంది.

ఎప్పుడైనా నేను ముందు ఇద్దరినీ విడివిడిగా కలుస్తాను. కొట్టడం, బెదిరించడం, డబ్బు లాక్కోవడం, ఫోన్ మీద నిఘా పెట్టడం లాంటివి ఉన్నాయా అని అడుగుతాను. ఇవి భర్త పక్కన కూర్చుంటే బయటికి రావు. ఉన్నాయని తేలితే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. అప్పుడు మాట్లాడాల్సింది గృహహింస చట్టం గురించీ ఆమె భద్రత గురించీ, కాపురం గురించి కాదు. ఇక్కడ అలాంటివేమీ లేవని రెండు సెషన్ల తర్వాత నమ్మకం కుదిరాకే ముందుకెళ్లాను.

ఇల్లు వదిలి వచ్చేసిన రోజు గురించి లత చెప్పింది ఇది. ఏప్రిల్ నెల. తన అమ్మానాన్నలు వచ్చి ఆరు వారాలైంది, అప్పుడే అత్తగారు కూడా వచ్చారు. నాన్న ఇన్సులిన్ డబ్బా ఫ్రిజ్ తలుపు అరలో, గుడ్లు పెట్టుకునే చోట పెట్టింది. తెల్లటి అట్టపెట్టె, పైన నీలం గీత, మూత మీద తను స్కెచ్ పెన్నుతో "నాన్న" అని రాసింది. ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ పెట్టె వంటగది గట్టు మీద, మిక్సీ పక్కన ఉంది. ఫ్రిజ్ తలుపులో ఆ చోట పాల ప్యాకెట్లున్నాయి. పెట్టె పొద్దుటి నుంచీ అక్కడే ఉందని నాన్నే చెప్పారట. ఆయన చూశారు, కానీ తీసి లోపల పెట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. "అల్లుడింట్లో ఫ్రిజ్ తెరవడానికి కూడా మా నాన్నకి మొహమాటం మేడమ్" అని ఏడ్చింది. ఆ మాట ఇప్పటికీ నా నోట్సులో పెన్సిల్‌తో గీత గీసి ఉంది.

రవిని అడిగితే వాళ్లమ్మకి అదేమిటో తెలీదన్నాడు. తర్వాత ఆవిడని అడిగితే ఆవిడా అదే చెప్పింది. నేను నమ్మాను. కాకపోతే ఆవిడ ఇంకో మాట కూడా అంది: "ఫ్రిజ్‌లో మావి పెట్టుకోడానికి చోటే ఉండట్లేదండీ." ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే మూడు నెలలు కలిసొచ్చేవి.

మొదటి ప్రయత్నం

మాట తీరు మీద పనిచేశాను. "నువ్వెప్పుడూ ఇంతే" అనడానికి బదులు "నాకు ఇలా అనిపించింది" అనడం, ఒకళ్లు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఆపకుండా వినడం, వారానికి ఒక సాయంత్రం పాపని ఎవరికైనా అప్పజెప్పి ఇద్దరూ బయటికెళ్లడం. మా వృత్తిలో ఇది చెయ్యి తిరిగిన పద్ధతి, చాలామందికి పనికొస్తుంది కూడా. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇద్దరూ నా ముందు వాదించుకున్న తీరు చూసి వినడం లేదనుకున్నాను.

ఐదు సెషన్లయ్యాక ఇద్దరూ ఎంతో మర్యాదగా, ఒకరి మాట ఒకరు పూర్తిగా విని, సరిగ్గా మొదటి రోజు చెప్పిందే చెబుతున్నారు. లత: "మా అమ్మానాన్నలకి నేను తప్ప ఎవరూ లేరు, వాళ్లు నా దగ్గరే ఉంటారు." రవి: "మా అమ్మానాన్నలకి నేను తప్ప ఎవరూ లేరు, అది వాళ్లిల్లు." ఆఫీసులో ఇలాంటి ట్రైనింగులు ఇద్దరూ చాలానే చూశారు, మాట్లాడటం నేర్పాల్సిన మనుషులు కారు. ఒకరికేం కావాలో రెండోవాళ్లకి స్పష్టంగా తెలుసు. ఆ రెండూ ఒకే ఇంట్లో పట్టవు, అంతే. ఎంత బాగా మాట్లాడుకుంటే ఆ సంగతి అంత స్పష్టంగా కనబడి, మరింత నిరాశపడ్డారు.

రెండో ప్రయత్నం: పంచాయితీ

పెద్దవాళ్లని పిలిపించాలని రవి అడిగాడు. నాకు కొంచెం సందేహం ఉన్నా ఒప్పుకున్నాను. మన కుటుంబాల్లో పెద్దమనుషులు కూర్చుని తెంచిన తగాదాలు చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని, మా ఇంట్లోనే చూసినదాన్ని. ఒక ఆదివారం నా ఆఫీసు గదిలో తొమ్మిది మంది కూర్చున్నారు. రవి తరఫున మేనమామ, లత తరఫున పెదనాన్న మాట్లాడారు.

గంటన్నరలో చెడిపోయింది. మేనమామ ఫోన్లో ఒక వాట్సాప్ మెసేజ్ చదివి వినిపించారు. 2016లో బెంగళూరు దంపతుల కేసులోనే సుప్రీంకోర్టు, భర్తని తల్లిదండ్రుల నుంచి వేరు పెట్టాలని భార్య పట్టుబట్టడం క్రూరత్వం కిందకి రావచ్చని చెప్పిన మాట నిజమే. కానీ లత వేరు కాపురం అడగలేదు, అత్తమామల్ని వెళ్లగొట్టమనలేదు. తన అమ్మానాన్నలకి చోటడిగింది. పెదనాన్న ఊరుకుంటారా, 1987లో అదే సుప్రీంకోర్టు పెళ్లయిన కూతురు కూడా తల్లిదండ్రులని పోషించాలన్న సంగతి ఎత్తారు. అదీ నిజమే. 2007లో వచ్చిన వృద్ధుల పోషణ చట్టంలో కూడా పిల్లలంటే కొడుకూ కూతురూ ఇద్దరూ. ఇద్దరు పెద్దమనుషులూ సరైన చట్టాలే చెప్పారు, దానివల్ల ఎవరికీ ఒక్క అడుగు కూడా ముందుకి పడలేదు. తర్వాత మాటలు పెట్టుపోతల మీదికి వెళ్లాయి, పెళ్లిలో ఎన్ని తులాలు, ఆ రెండెకరాలు ఎంతకి అమ్మారు, ఎవరు ఎవరి ఇంట్లో ఎన్నాళ్లు తిన్నారు. రవి వాళ్లమ్మ "మావాణ్ణి ఇల్లరికం తీసుకున్నట్టే ఉంది" అనేసింది. లత నాన్న లేచి, చెప్పులేసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు.

పాతకాలంలో పంచాయితీ ఎందుకు నిలబడేదో అప్పుడు ఆలోచించాను. మా అమ్మమ్మ తరంలో ఒక తగాదా తెంచడానికి కూర్చున్న పెద్దాయన చాలాసార్లు రెండు వైపులా చుట్టమే. మేనరికం ఉన్న ఇళ్లలో అత్తగారంటే మేనత్తే, మామగారంటే మేనమామే, తెలుగులో ఆ రెండు వరసలకీ ఒకే మాట ఉండటం ఊరికే కాదు. లత వాళ్ల నాన్న రవికి మేనమామ అయ్యుంటే, ఆయన ఆ ఫ్రిజ్ తెరవడానికి మొహమాటపడేవారు కాదు. మేనరికాలు తగ్గడం మంచిదే, పిల్లలకి వచ్చే జబ్బుల సంగతి తెలిశాక, ఆడపిల్లలు చదువుకున్నాక తగ్గాలి కూడా. కానీ వాటితోపాటు రెండు కుటుంబాల మధ్య ముందునుంచీ ఉండే దారం కూడా తెగింది, ఆ చోట ఇంకోటి ఇంకా అల్లుకోలేదు. నేను పిలిపించిన పెద్దమనుషులు మధ్యవర్తులు కారు, ఇద్దరు లాయర్లు. నా నిర్ణయం తప్పు, దాని ఖరీదు ఆ ముసలాయన చెల్లించారు.

ఇల్లరికం మాట గురించి కూడా చెప్పాలి. కొడుకుల్లేని ఇళ్లకి మనవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. దత్తత ఒకటి, ఇల్లరికం ఒకటి. ఊళ్లో పదిళ్లకి ఒకళ్లకి అవసరపడేది కాబట్టి సరిపోయేది, ఇల్లరికపుటల్లుణ్ణి కాస్త చులకనగా చూసినా నడిచిపోయేది. ఇప్పుడు లెక్క వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, కర్ణాటకలోనూ అంతే, తెలంగాణలో 1.8. అంటే కొడుకు లేని ఇళ్లు వీధికి నాలుగైదు ఉంటాయి. వాటిలో పెరిగిన కూతుళ్లు చదువుకుని సంపాదిస్తున్నారు. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ నుంచే అమల్లో ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. హక్కు వచ్చి ఇన్నేళ్లయినా, తల్లిదండ్రుల ముసలితనం ఆడపిల్ల ఇంట్లో ఎలా గడవాలనే దానికి మన దగ్గర ఒక మర్యాద లేదు, ఒక పేరు కూడా లేదు. "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అనే మాటే ఇంకా నడుస్తోంది.

మలుపు

ఆ ఆదివారం రాత్రి నోట్సు మొదటి నుంచీ చదివాను. ఒక మాట దగ్గర ఆగి, లెక్కపెట్టాను. "గది." లత అంది, రవి అన్నాడు, రవి వాళ్లమ్మ మూడుసార్లు అంది, పెదనాన్న అన్నారు. రెండో బెడ్‌రూమ్ ఎవరిది? ఆరేళ్లుగా వాళ్లు పోట్లాడుకుంటున్నది ఇదే. ప్రేమ తగ్గడం, గౌరవం లేకపోవడం, అహం, ఇవన్నీ దాని మీద తర్వాత పేరుకున్నవి.

విడాకుల విషయంలో ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. పరస్పర అంగీకారంతో విడాకులు హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి కింద వస్తాయి. పిటిషన్ వేయాలంటే అప్పటికే కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి, తర్వాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలని కోర్టు సందర్భాన్ని బట్టి తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ విడిగా ఉండి ఏడు నెలలే అయింది. కాబట్టి ఎలాగూ ఇంకో ఐదు నెలలు ఏమీ చేయలేరు. కాపురం నిలబెట్టడం నా పని అని నేను అనుకోను, వాళ్లు ఏది నిర్ణయించుకున్నా కళ్లు తెరుచుకుని నిర్ణయించుకునేలా చూడటం నా పని. అదే చెప్పాను. "ఈ ఐదు నెలలూ కలవడం గురించి గానీ విడిపోవడం గురించి గానీ మాట్లాడొద్దు. ఒకే ఒక్క కాగితం రాద్దాం" అన్నాను. విడిపోయినా ఆ కాగితం అవసరమే, పాప ఎవరి దగ్గర ఎప్పుడుండాలో తేల్చాలి కదా. అందుకే లత ఒప్పుకుంది.

మన చుట్టూ విడాకులు పెరిగిపోయాయని అందరూ అంటారు. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నామని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద పదమూడున్నర లక్షల పైచిలుకు, విడిగా ఉంటున్నామన్నవాళ్లు దానికి రెండున్నర రెట్లకి పైగా. కోర్టు మెట్లెక్కకుండా లతలాగా వేరే ఇంట్లో ఉండిపోయేవాళ్లే ఎప్పుడూ ఎక్కువ. వాళ్లలో చాలామంది ఆ స్థితిలోనే ఏళ్ల తరబడి ఉండిపోతారు. వాళ్లకీ ఏదో ఒకటి తేలాలన్నది నాకు ముఖ్యం.

ఆ కాగితం

మొదటి పక్క, గడిచిన రెండున్నరేళ్లు. పాప పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఏ పని చేశారు, గంటల లెక్కన. ఇద్దరూ విడివిడిగా రాసుకొచ్చి సరిచూసుకోవాలి. లతకి 26 వారాల ప్రసూతి సెలవు (2017 నుంచి అంతే), ఆ తర్వాత పాపని ఎక్కువగా చూసింది అమ్మమ్మ, నాయనమ్మలే. లత అమ్మ పధ్నాలుగు నెలలు, రవి అమ్మ ఐదు నెలలు, మిగతాది డే కేర్. రవి తన లెక్కలో లత అమ్మ పేరు పక్కన "రోజుకి 11 గంటలు" అని తనే రాసుకొచ్చాడు. పొద్దున ఏడింటికి పాలు కలపడం నుంచి సాయంత్రం ఆరింటికి లత వచ్చేదాకా. దాని పక్కన తనది గంటా పది నిమిషాలు. దేశం మొత్తానికి 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో కూడా ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది, నేను ఆ అంకెలు చెబితే రవి "నాది ఇంకా తక్కువే" అన్నాడు. ఎవరూ అతన్ని నిలదీయలేదు. కాసేపయ్యాక, "అత్తయ్యగారు మా ఇంట్లో ఉన్నారనే అనుకున్నాను, మా ఇంట్లో పనిచేశారని అనుకోలేదు" అన్నాడు. లత కూడా ఒక చోట ఆగింది. రవి అమ్మ ఉన్న ఐదు నెలల్లో ఆవిడకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, ఆ సంగతి లతకి తెలీదు. ఆవిడ చెప్పలేదు, ఈమె అడగలేదు.

రెండో పక్క, రాబోయే పదేళ్లు. నలుగురి వయసులు, జబ్బులు, ఆదాయం, ఊళ్లో చూసుకునేవాళ్లెవరైనా ఉన్నారా, ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవాళ్లు ఎక్కడుంటారు. ఈ ఆఖరి ప్రశ్న రాయడానికి మన ఇళ్లలో చెయ్యి రాదు, అశుభం అంటారు. నేనే పెన్ను తీసుకుని రాశాను, వాళ్లు చెబుతుంటే. అక్కడే తెలిసింది. రవి వాళ్ల నాన్నకి భయం. ఇప్పుడు ఒంట్లో బాగుంది కాబట్టి ఊళ్లో ఉన్నారు, పదేళ్లకి ఇక్కడికి రావాల్సిందే, అప్పటికి ఆ గది వియ్యాలవారిదైపోయి ఉంటే? రవి వాళ్లమ్మ ఫ్రిజ్‌లో చోటు లేదన్నదీ ఆ భయంతోనే. నేను అత్తగారి పెత్తనం అనుకున్నదాని వెనక నెలకి రెండు వేలు కూడా రాని పెన్షన్ ఉంది.

దాంతో ఇద్దరు తండ్రులని మాత్రమే పిలిచాను. ఇది చాలా ఆలోచించి చేసిన పని. అమ్మలిద్దరికీ మధ్య మాటలు మరీ చెడ్డాయి. లత నాన్నకి ఆ రోజు జరిగిన అవమానం తీరాలంటే ఆయనకి సమానమైన మనిషి ఎదురుగా కూర్చోవాలి. పిల్లలు లేకపోతే తండ్రులు పిల్లల తరఫున వాదించరు అనిపించింది. నేను చాయ్ తెప్పించి, కాగితం రెండో పక్క ముందు పెట్టి, ఒక మూల కూర్చున్నాను. మొదటి ఇరవై నిమిషాలు చెరుకు ధర గురించీ, కౌలు ఎంత వస్తుందనే దాని గురించీ మాట్లాడుకున్నారు. తర్వాత రవి నాన్న, "బావగారూ, మీరు ముందొచ్చారని నాకు కోపం లేదు, నేను తర్వాత వస్తే చోటుంటుందా అనే" అన్నారు. లత నాన్న చాలాసేపు కాగితం వైపే చూస్తూ, "నాకు ఆ గది వద్దు బావగారూ. ఇన్సులిన్ పెట్టుకోడానికి నాదంటూ ఒక ఫ్రిజ్ ఉంటే చాలు" అన్నారు. పరిష్కారం ఆయన నోటి నుంచే వచ్చింది, నేను చెప్పింది కాదు.

ఏం కుదిరింది

అదే వీధిలో, నాలుగిళ్ల అవతల, ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. అద్దె 17 వేలు, లత పేరు మీద. లత అమ్మానాన్నలు అందులో ఉంటారు, చిన్న ఫ్రిజ్ కూడా కొన్నారు. రెండో బెడ్‌రూమ్ రవి అమ్మానాన్నల కోసం, వాళ్లు లేనప్పుడు పాప గది. పెద్దవాళ్ల కోసం వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరూ నెలకి చెరో పదిహేను వేలు వేస్తారు. అద్దె కాకుండా మందులు, ప్రయాణాలు, ఆసుపత్రి ఖర్చులు నలుగురివీ అందులోంచే. ఎవరి తల్లిదండ్రులకి ఎంత ఖర్చయిందని విడివిడిగా లెక్క రాయకూడదు, ఇది రవి పెట్టిన షరతు. లత పెట్టిన షరతు, పాపని చూసుకునే పెద్దవాళ్లకి ఆదివారం పూర్తిగా సెలవు, ఆ రోజు వంట రవిది. అతనికి మొదట్లో అన్నం, పప్పుచారు, గుడ్డు పొరటు తప్ప రాలేదు. ఎనిమిది వారాలు అదే తిన్నారు.

ఒకేసారి కలిసిపోవద్దని నేనే చెప్పాను. మూడు నెలలు లత పాపతో ఆ కొత్త ఇంట్లోనే ఉంది, వారాంతాలు ఫ్లాట్‌లో. ఎందుకంటే అమ్మానాన్నల చోటు ఖాయమయ్యాక కూడా తనకి రవితో ఉండాలని ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న, దాన్ని ఈ ఏర్పాటులో కలిపేస్తే రేపు మళ్లీ బయటపడుతుంది. నాలుగో నెల ఆమె నాకు ఫోన్ చేసి, ఫ్లాట్‌కి వెళ్తున్నానంది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

నేను మార్చుకున్నవి

ఈ కేసు తర్వాత మొదటి రోజు నింపించే ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను: మీ ఇద్దరి తల్లిదండ్రులూ ఇప్పుడు ఎక్కడున్నారు, పదేళ్ల తర్వాత ఎక్కడుంటారు? పెళ్లికి ముందు సలహా కోసం వచ్చే జంటలని కూడా ఇదే అడుగుతున్నాను. చాలామంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జీతాలు, ఫ్లాటు, పిల్లలు ఎప్పుడు, అన్నీ మాట్లాడుకుని ఉంటారు, ఇది మాత్రం ఎవరూ ఎత్తి ఉండరు. పెద్దవాళ్లని గుంపుగా పిలవడం మానేశాను. పిలిస్తే ఇద్దరినో ముగ్గురినో, ఏ ఒక్క విషయం తేల్చాలో ముందే చెప్పి. "అడ్జస్ట్‌మెంట్ లేదు" అని ఎవరైనా అంటే, దేనికి సర్దుకోవాలి, ఎవరి వస్తువు జరిపితే ఎవరిది పడుతుంది అని ఇప్పుడు చాలా మొండిగా, వస్తువుల పేర్లతో సహా అడుగుతాను.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. ఇది కుదరడానికి రెండు మంచి జీతాలున్నాయి. ఆ తర్వాతి ఏడాదే దాదాపు ఇదే చిక్కుతో ఇంకో జంట వచ్చింది, ఆమె బట్టల ఫ్యాక్టరీలో టైలర్, అతను క్యాబ్ డ్రైవర్. ఒక గది, వంటగది, అందులో ఐదుగురు. వాళ్లతోనూ ఇదే కాగితం రాయించాను, అన్నీ స్పష్టంగానే తేలాయి, కానీ ఇంకో ఇంటి అద్దె ఎక్కడి నుంచి తెస్తారు? ఆమె తల్లి ఊరికి తిరిగెళ్లి ఒంటరిగా ఉంటోంది, ఈమె నెలకోసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్లొస్తోంది. ఆ జంట కలిసే ఉన్నారు, కానీ ఆ కేసు కుదిరిందని నేను ఎక్కడా రాసుకోలేదు.

లత, రవి ఇప్పటికి పద్నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నారు. మూడు నెలలకోసారి వస్తారు, కాగితం రెండో పక్క మళ్లీ చూసుకుని మార్పులు రాస్తారు. విడాకుల డ్రాఫ్ట్ చింపేయలేదనీ, బీరువాలో ఉందనీ లత చెప్పింది, రవికి కూడా తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు రవి అమ్మ మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయమైందన్నారు, జనవరి రెండో వారం. ఎవరు ఎన్నాళ్లు సెలవు పెట్టాలో అప్పటికే రాసుకొచ్చారు. రవి పది రోజులు, లత నాలుగు రోజులు, పగటిపూట లత అమ్మ. ఆ మూడో పేరు పక్కన రవి చేతిరాతతో "అడిగాను, సరేనన్నారు" అని ఉంది.